సవారీకి సరిహద్దు గీయువారెవరు?

ప్రతి సంవత్సరమును మొహర్రము నెలపొడుపు కనబడగానే మన సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములలో రెండు ధ్వనులు వినవచ్చును. ఒకటి పీర్ల చావిడి ముంగిట మ్రోగు డప్పు. రెండవది ఆ డప్పును ఎవరు మ్రోగింపవచ్చును, ఆ పీరును ఎవరు ఎత్తవచ్చును, ఆ సవారీ ఏ వీధి వరకు పోవచ్చును అను తగవు. మొదటిది గోలకొండ సుల్తానుల నాటి నుండి వచ్చుచున్న ధ్వని. ఇప్పుడు దాని గొంతు సన్నగిల్లుచున్నది, తగవు గొంతు హెచ్చుచున్నది. దీనిని చూచియు ఊరకుండుట పత్రికాధర్మము కాదని తలంచి మా అభిప్రాయమును దాపరికము లేక తెలుపుచున్నాము. పీర్ల పండుగ దానిని చేసికొను ప్రజలది. అందు పాల్గొనువాని పుట్టుకను అడుగు అధికారము ఏ సంఘమునకును, ఏ ఉద్యోగికిని లేదు.

మొదట ఆ పండుగ ఎట్టిదో పట్టణములందు పెరిగిన మన యువకుల కొరకు చెప్పవలసియున్నది. క్రీ.శ. 680లో కర్బలా మైదానమున యజీదు సైన్యము యూఫ్రటీసు నదీజలమును అడ్డగించి, దప్పికతో నున్న ప్రవక్త మనుమడగు ఇమాము హుసేనును, ఆయన వెంటనున్న కొలదిమందిని వధించినది. ఆ దుఃఖమును స్మరించుటయే మొహర్రము. హైదరాబాదులో కుతుబ్‌షాహీల కాలమున బాద్షాహీ ఆశుర్ఖానా వెలసినది. అచటి నుండి పల్లెపల్లెకును పీర్ల కొట్టములు ప్రాకినవి. ప్రాకుచు ప్రాకుచు అవి తెలుగువైపోయినవి. నెల పొడవగనే చావిడి ముందర అలావ గుంట త్రవ్వుదురు. పెట్టెలోని పీర్లను చింతపండుతో తోమి, దట్టీలు కట్టి, ఊదు వేసి నిలుపుదురు. మ్రొక్కు గలవారు ఫకీరులగుదురు. మలీద పంచుదురు, దప్పిగొన్న ఇమాము పేర షర్బతు పోయుదురు. పదవనాడు సవారీ ఊరెల్ల తిరిగి వాగునకో చెరువునకో పోవును. ఈ పనులలో ఏది ముసల్మానుది, ఏది హిందువుది అని విడదీయబూనుట పాలలోని నీటిని విడదీయబూనుట వంటిది. మాదిగ డప్పు లేక సవారీ కదలదు. తురకల ఇల్లు ఒక్కటియు లేని ఊళ్ళలోను పీర్లు నిలుచుచున్నవి. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరునకు మ్రొక్కు వేలాది జనులలో హిందువులే అధికులు. నెల్లూరు బారాషహీదు దర్గా చెరువు కడ రొట్టెలు మార్చుకొను తల్లులు పరస్పరము కోర్కెలు అడుగుదురే గాని కులగోత్రములు అడుగరు.

మన నేల స్వభావమే అట్టిది. పటాన్‌చెరువు ఒకప్పుడు జైనులకు నెలవు. అచట భూమిలో నుండి జినవిగ్రహములు బయల్పడినవి. కల్యాణి చాళుక్యుల నాటి పొట్లకెరె ఇదియేనని చరిత్రకారులు గుర్తించిరి. ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని కొలుచుటకు కన్నడిగులును, మరాఠీలును సరిహద్దు దాటి వత్తురు. మెదకులో పాస్నెట్ దొరగారు 1914లో ఆరంభించి కరవునాటి కూలీలకు అన్నము పెట్టుచు కట్టించి, 1924 క్రిస్మసునాడు తెరపించిన చర్చి మెట్లపై నేటికిని డిసెంబరు 25వ తేదీన అన్ని మతములవారును నిలబడుచున్నారు. ఇట్టి నేలపై ఇప్పుడు కొందరు ముగ్గుపిండి చేతబట్టి గీతలు గీయవచ్చిరి.

గీతలు గీయువారు మూడు తెగలు. మొదటి తెగవారు హిందువులతో, "పరుల పీరును మీరేల మోయవలెను? ఇది మనకు తలవంపు" అనుచున్నారు. రెండవ తెగవారు ముసల్మానులతో, "డప్పులు, నిప్పుల గుండములు, ఫకీరు వేషములు మన మతమున లేవు, ఇతరులను చేర్చుకొని మతమును మలినపరపకుడు" అనుచున్నారు. చూడగా ఈ ఇరువురును ఒకరినొకరు ద్వేషించువారు. అయినను ఒక్క విషయమున అన్నదమ్ముల కంటె దగ్గరివారు: ఊరివారు కలిసి నడువరాదనుటలో ఇరువురిదియు ఒకే మాట. మూడవ తెగ ఏ మతమును ద్వేషింపనిది. అది కచ్చేరీలో కూర్చుండును. దానికి జనులు గుమికూడుటయే ఒక నేరము వలె తోచును. మొదటి ఇరువురు తగవు పెంచగా, మూడవది శాంతిభద్రతల పేర సవారీ దారిని కుదించును. ఈ విధముగా ముగ్గురును ఒకే త్రాటిని మూడు పేటలుగా పేనుచున్నారు.

ఈ త్రాడు చివర ఏమున్నదో మన పాఠకులు ఊహింప నక్కరలేదు. 140 యేండ్ల క్రిందట సముద్రముల కావల మన దేశపు కూలీల నడుమనే అది కానవచ్చినది. అందుచేత పాఠకులను ఒకసారి కరీబియను సముద్రమందలి ట్రినిడాడు ద్వీపమునకు కొనిపోవుచున్నాము.

ఆ ద్వీపమున నీగ్రో బానిసలకు విముక్తి కలిగిన పిమ్మట చెరకుతోటల దొరలకు చవుక కూలీలు కావలసివచ్చిరి. 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను ఓడ ఇన్నూరుకు పైబడిన భారతీయులతో ఆ తీరమున లంగరు వేసినది. నాటి నుండి 1917 వరకు సుమారు 1,40,000 మంది గిరిమిటు ఒడంబడికపై చేరిరి. అధికులు కలకత్తా రేవు నుండి పోయిన ఉత్తరాదివారు. మదరాసు రేవు నుండి పోయిన కొలదిమందిలో తమిళులతో కూడ తెలుగువారును ఉండిరి. అనుమతి చీటి లేక తోట దాటిన కూలీకి చెరసాల. గుర్రపుశాలల వంటి బారకులలో కాపురము. 1912లో గోఖలే మహాశయుడు రాజప్రతినిధి శాసనసభలో ఈ పద్ధతిని రద్దు చేయవలెనని తీర్మానము ప్రతిపాదించెను. ఆ బానిసతనమును మాన్పుట మన జాతీయోద్యమపు తొలి విజయములలో నొకటి.

అట్టి బ్రతుకులో ఆ కూలీలకు సంవత్సరమున కొకసారి ఊపిరాడు దినము మొహర్రము. హుసేను పేరు వారి నోట 'హోసే' అయినది. తోటతోటకును వెదురుబద్దలతో, రంగుకాగితములతో ఆకాశమంటు తాజియాలు కట్టి, తాషాలు మ్రోగించుచు పట్టణముల గుండ నడిచి తుదకు సముద్రమున కలుపుచుండిరి. కూలీలలో హిందువులే అధికులు గనుక ఊరేగింపులోను వారే అధికులు. నీగ్రోలును తాషా మ్రోగించుచు వెంట నడుచుచుండిరి. మరియొకరి పండుగను మోయుచున్నాము అను తలవంపు అచట ఎవనికిని లేదు. ఎండలో ఒకే చెరకు నరకినవారు ఒకే తాజియా మోసిరి, అంతియే.

1884లో చక్కెర ధర పడిపోయినది. దొరలు ఆ నష్టమును కూలీల వెన్నుపై మోపి, అదే కూలికి పని హెచ్చించిరి. తోటలలో సమ్మెలు, కలతలు పొడసూపినవి. ఆ యేడు జూలైలో దొరతనమువారు క్రొత్త నిబంధనలు ప్రకటించిరి. ఊరేగింపులు పోర్ట్ ఆఫ్ స్పెయిన్, శాన్ ఫెర్నాండో పట్టణములలో అడుగు పెట్టరాదు. భారతీయులు కానివారు వానిలో కలియరాదు. పాఠకులు ఈ రెండవ షరతును శ్రద్ధగా గమనింతురు గాక! కూలీ కూలీతో కలియరాదు అనుటయే దాని తాత్పర్యము. ఆ నిబంధనలను సడలింపుడని దొరతనమునకు మహజరు సమర్పించిన కూలీల ముందు నిలిచినవాడు సూఖూ అను హిందువు. హుసేను ఊరేగింపు కొరకు విన్నపము వ్రాసికొన్నవాడు హిందువు! విన్నపము త్రోసివేయబడెను.

అక్టోబరు 30వ తేదీ గురువారమునాడు కూలీలు తమ అలవాటు చొప్పున శాన్ ఫెర్నాండో దారి పట్టిరి. పట్టణపు ముఖద్వారమున పోలీసులు, సైనికులు తుపాకులతో కాచియుండిరి. మేజిస్ట్రేటు అల్లరుల చట్టమును ఆంగ్లమున చదివెను. తాషాల మ్రోతలో ఆ చదువు ఎందరికి వినబడెనో, విన్నవారిలో ఎందరికి అర్థమయ్యెనో దైవమునకే యెరుక. తుపాకులు ప్రేలినవి. పదిమందికి పైగా నేలకూలిరి, నూరుమందికి పైగా గాయపడిరి. పిమ్మట విచారణ జరిగినది. జమైకా గవర్నరు నార్మన్ దొరగారు విచారించి దొరతనమువారిది తప్పు కాదని తేల్చిరి. ఏలినవారు తమ్ము తాము విచారించుకొన్నప్పుడు తీర్పు ఏ విధముగా నుండునో భారతీయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ తుపాకులు ఏ మతముపై ప్రేలినవి? ఇస్లాముపై ననిన, కూలినవారిలో హిందువులున్నారే! హిందూ మతముపై ననిన, అది హుసేను ఊరేగింపే! అవి కలయికపై ప్రేలినవి. ముసల్మానులు మసీదున, హిందువులు తమ గుడిసెలలో, నీగ్రోలు చర్చిలో వేర్వేరుగ ప్రార్థించుకొనుచున్నంత కాలము దొరలకు నిద్ర పట్టినది. వారందరును ఒక త్రోవన ఒక తాషా మ్రోతకు నడుచుట చూచిననాడు నిద్ర చెడినది. కలిసి మొక్కువాడు కలిసి కూలి అడుగునని తోటల యజమానులకు తెలియును. ఈ సత్యము వారికి తెలిసినంత స్పష్టముగా నేడు మనకు తెలియకపోవుటయే మా విచారము. నాడు తుపాకి పట్టి పరాయి దొరతనము చేసిన పనిని నేడు మన సంఘములు కరపత్రములతో, మన అధికారులు నోటీసులతో చేయుచున్నారు. తుపాకి ఖర్చు లేకయే ఆ పని నెరవేరుచున్నది!

ఆ ద్వీపము తరువాత ఏమయ్యెనని పాఠకులు అడుగవచ్చును. దొరతనమువారి కన్ను హోసేతో ఆగలేదు. ఆఫ్రికా సంతతివారు గంట మ్రోగించి, కేకలు వేయుచు ప్రార్థించు షౌటర్ బాప్టిస్టుల మతమును 1917లో చట్టముచే నిషేధించిరి. 1951 మార్చి 30వ తేదీన ఆ చట్టము రద్దగు వరకు తమ దేవుని బిగ్గరగా పిలుచుట అచట నేరము. శివదాస్ సాధు అను చెరకు కూలీ వాటర్లూ గ్రామమున తోట కంపెనీ నేలపై చిన్న గుడి కట్టుకొనగా, 1952లో దానిని కూల్చి ఆతనిని చెరసాలకు పంపిరి. నేలపై చోటు లేకున్న సముద్రమున కట్టెదనని ఆ బడుగు మనుజుడు సైకిలుపై రాళ్ళు మోసి, ఎవరి సాయమును లేక, యేండ్ల తరబడి అలలలో గట్టు పోసి గుడి నిలిపెను. 1962లో ద్వీపము స్వతంత్రమైనది. ఏ రాజ్యము శిక్షించినదో ఆ రాజ్యమే 1990లలో ఆ సముద్రపు గుడిని బాగుచేయించెను. దీపావళియు, ఈదును అచట ప్రభుత్వపు సెలవుదినములు. 1996 నుండి మార్చి 30వ తేదీ బాప్టిస్టుల విముక్తి దినమై సెలవు పొందినది. సిపారియా ఊరి కథోలిక దేవళములోని మేరీమాతకు పెద్ద గురువారమునాడు హిందువులు బారులు తీరి 'సిపారీ మాయీ' యని మ్రొక్కుచున్నారు. హోసే నేటికిని సెయింట్ జేమ్స్‌లోను, సెడ్రోస్‌లోను నడుచుచున్నది. 2011 జనగణన ప్రకారము అచట నూటికి సుమారు 22 మంది కథోలికులు, 18 మంది హిందువులు, 5గురు ముసల్మానులు. ఎవరికిని సగపాలు లేదు. అచట జాతిని బట్టి ఓట్లు చీలుట కలదు. హోసే మతవిరుద్ధమని నిందించు మౌల్వీలును కలరు. అది స్వర్గమని మేము చెప్పుట లేదు. ఒకరి పండుగలో ఇంకొకరు నడచుట వలన ఏ మతమును అచట చావలేదని మాత్రము చెప్పుచున్నాము.

ఇక మన చట్టమును చూతము. న్యాయవాదులమగుటచే ఈ మాట కొంచెము తూచి చెప్పుచున్నాము. సంయుక్త పరగణాలలోని ఔరంగాబాదులో షియాల మొహర్రము ఊరేగింపును సున్నీలు తమ మసీదు కడ ఆగనీయక అభ్యంతరపెట్టగా, ఆ వివాదము లండను ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. మంజూర్ హసన్ కేసులో 1924లో ఆ న్యాయపీఠము రాజమార్గమున మతసంబంధమైన ఊరేగింపు నడుపుటకు ప్రజలకు హక్కు కలదనియు, అది స్థానికాధికారుల న్యాయమైన ఉత్తరువులకును, ఇతరుల రాకపోకల హక్కునకును లోబడియుండుననియు నిర్ణయించెను. శాన్ ఫెర్నాండోలో తుపాకి ప్రేల్చిన కిరీటము పేరిటనే, నలువది యేండ్లకు ఈ తీర్పు వెలువడినది! పిదప 1950 జనవరి 26వ తేదీ నుండి మన రాజ్యాంగపు 25వ అధికరణము శాంతిభద్రతలకును, నీతికిని, ఆరోగ్యమునకును లోబడి అంతఃకరణ స్వేచ్ఛను మనుష్యులందరికి సమానముగ ఇచ్చినది. ఈ స్వేచ్ఛను పుట్టిన మతపు పండుగలకు మాత్రమే పరిమితము చేయు అక్షరము ఒక్కటియు అందు లేదు. శాంతిభద్రతల కొరకు దారిని మార్చు అధికారము ఉద్యోగికి కలదు. కాని తగవు పెట్టువానిని విడిచి నడుచువానిని ఆపుట ఆ అధికారమును తలక్రిందులుగ వాడుట. దొంగ భయమున్నదని ఇంటివానిని సంకెళ్ళు వేయుదురా?

మొదటి తెగవారికి మా ప్రత్యుత్తరము ఇది. పీరును ఎత్తిన హిందువు తన దేవుని విడిచినాడా? పదునొకండవ నాడు ఆతడే పోచమ్మకు బోనమెత్తును, మల్లన్నకు పట్నము వేయును. ఇచ్చటి రైతు పదితరములుగా పీరును మోసియు హిందువుగనే మిగిలెను. మీ రక్షణ లేకయే మిగిలెను. మీరు రక్షింపవచ్చిన మతము మీరనుకొన్నంత బలహీనమైనది కాదు. బొంబాయిలో 1893లో కలతలు చెలరేగిన పిమ్మట హిందువులు మొహర్రము నుండి తప్పుకొనవలెనను ప్రచారము సాగినది. సార్వజనిక గణపతి ఉత్సవములు ఆ వేళనే వెలసినవి. తిలకు మహాశయుని దేశభక్తికి మేము తలవంచి నమస్కరింతుము. కాని ఆ తప్పుకొనుట వలన స్వరాజ్యము ఒక్క అంగుళమైన దగ్గరకు వచ్చెనా? ఆ తిలకు మహాశయుడే 1916లో లక్నోలో ముస్లింలీగుతో ఒడంబడికకు ముందు నిలిచెను. ఆయన పేరు చెప్పువారు 1893తో ఆగక 1916 దాక చదువవలయును.

రెండవ తెగవారికి మా మనవి మరింత మెత్తనిది. ఏలయన, వారి ఇంటి శాస్త్రమును మేము వారికి బోధింపరాదు. డప్పు కూడదని మీ మనస్సు చెప్పినచో మీరు డప్పు వినకుడు. మీ ఇంట ఉపవాసముండి, ఖురాను పారాయణ చేసి హుసేనును తలపుడు. ఆ హక్కు మీకు సంపూర్ణముగ కలదు. కాని తాతముత్తాతల నాటి నుండి పీరునకు ఊదు వేయు ముజావరును ఊరి నుండి వెలివేయు హక్కు మీకు లేదు. హుసేను బలవంతుని ముందు తలవంచని వీరుడు గనుక మాదిగ, మంగలి, చాకలి గుండెలలో చోటు సంపాదించెను. గుడిలోపలికి రానీయని వానిని పీర్ల కొట్టము రమ్మన్నది. ఆ ఆహ్వానమును రద్దు చేయుట హుసేను కీర్తిని పెంచుట యగునా? ఈ మాట మొదటి తెగవారికిని తగులుచున్నది. హిందువులు పీర్ల వైపు పోవుచున్నారని వగచువారు, మన గుడి తలుపులు ఇంకను ఎవరి ముఖముపై మూయబడుచున్నవో ముందు చూచుకొందురు గాక!

విద్యావంతులలో నాలుగవ వాదమొకటి కలదు: "ఇది అంతయు మూఢత్వము, త్రాగుబోతుల తిరునాళ్ళు, పోనిండు." సవారీ వేళ కల్లు, సారాయి త్రాగి గుండమున దూకుటను మేమును గర్హించుచున్నాము. చిన్నపిల్లలను నిప్పుల మీద నడిపించుటను మాన్పవలసినదే. కాని త్రాగుడు ఏ పండుగన లేదు? పెండ్లిలో త్రాగిరని పెండ్లిండ్లు మాన్పుదుమా? దోషమును దిద్దుట సంస్కరణము. దోషము పేర బీదల పండుగను మాత్రమే చంపుట అహంకారము.

ఈ వివాదము పల్లెటూరి వేడుకను గూర్చినది మాత్రమే కాదు. మనది ఇప్పుడు కర్మాగారముల సీమ. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. వెలసిన నాటి నుండి పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారముల వరకు పొలములు పోయి పొగగొట్టములు లేచినవి. బీహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశముల నుండి కాంట్రాక్టు కూలీలు వచ్చి గదికి పదిమంది చొప్పున తలదాచుకొనుచున్నారు. బారకుల పేరు మారినది; గుత్తేదారు చేతి చీటి మారలేదు. వారికి ఇచట బంధువు లేడు, సంఘము బలహీనము, భాష రాదు. ఒకే వీధి నడుచుటకు ఒక కారణము చాలు, వారు మనవారగుటకు. ఆ కారణమును పండుగ ఇచ్చును. దానిని తీసివేసినచో వారు మతమునకొక గదిగా, రాష్ట్రమునకొక గదిగా మిగులుదురు. అట్లు మిగులుట ఎవరికి లాభమో శాన్ ఫెర్నాండో కూలీలనడిగిన చెప్పుదురు.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని ఒక మందుల కర్మాగారమున ఘోరమైన విస్ఫోటము జరిగి నలువది మందికి పైగా కార్మికులు దగ్ధమైరి. పలు రాష్ట్రములవారు, పలు భాషలవారు. అది మొహర్రము మాసపు తొలిదినములు. దేహములు గుర్తుపట్టరాక రక్తసంబంధుల నమూనాలతో డి.ఎన్.ఏ. పరీక్ష చేసి అప్పగింపవలసివచ్చినది. ఎవరిని దహింపవలెను, ఎవరిని పూడ్చవలెను అను సంగతి ప్రయోగశాల చెప్పవలసివచ్చిన ఊరిలో, బ్రతికియున్నవారు ఎవరి సవారీలో ఎవరు నడువవలెనని తగవులాడుటయా? నక్కవాగు సంగతియు అంతే. కర్మాగారముల మురుగు ఆ వాగును విషము చేసినదని 1990లోనే సుప్రీంకోర్టు తలుపు తట్టితిమి. ఆ నీరు బతుకమ్మను ఒక విధముగ, పీరును ఒక విధముగ ముట్టలేదు. బావినీరు త్రాగ పనికిరాకపోయినప్పుడు దప్పిక హిందువునకును, ముసల్మానునకును, క్రైస్తవునకును ఒక్కటియే. నీటిని అడ్డగించిన యజీదును పదిదినములు శపించుచు, నీటిని చెరపిన యజీదులను ఏడాది పొడవునను క్షమించుట ఏ మతధర్మమో ఇరుపక్షముల పెద్దలును సెలవిత్తురు గాక!

కావున మా కోర్కెలను స్పష్టముగ చెప్పుచున్నాము. కర్మాగారముల కొరకును, ఇండ్ల ప్లాట్ల కొరకును నేల కొలుచునప్పుడు పీర్ల చావిడిని, అలావ గుంటను, సవారీ పోవు త్రోవను, గ్రామదేవత గుడిని, శ్మశానములను ముందుగ గుర్తించి రెవెన్యూ లెక్కలలో వ్రాయవలయును. మొహర్రము పదవనాడు సెలవు కోరిన కార్మికుని మతము అడుగక సెలవీయవలయును. కాంట్రాక్టు కూలీకి ఆనాటి కూలి కోయరాదు. శాంతి సంఘ సమావేశమునకు పార్టీల పెద్దలను, మతపెద్దలను మాత్రమే గాక ముజావరును, డప్పు వాయించువానిని, పొరుగు రాష్ట్రపు కూలీని పిలువవలయును. ఏలయన సవారీని నడుపువారు వారే. దారిని మార్చుచు ఉత్తరువిచ్చు ఉద్యోగి కారణమును వ్రాతమూలముగ ఈయవలయును. అట్టి ఉత్తరువు అన్యాయమని తోచినచో బీదలకు రుసుము లేక వాదించుటకు మా వృత్తిలోనివారు ముందునకు రావలయును.

పఠనాలయములలో ఈ పంక్తులు చదువు సోదరులకు ఒక మాట. 2011లో సకల జనుల సమ్మె నాడు బతుకమ్మ, బోనము, పీరు, డప్పు అన్నియు మన వీధులలోనికి వచ్చినవి. అలాయి బలాయి ఇచ్చుకొన్నప్పుడు ఎదుటివాని మతమును ఎవరమైన అడిగితిమా? రాష్ట్రము వచ్చినది 2014లో. రాష్ట్రము వచ్చిన పిమ్మట ఆ కౌగిలి అక్కర తీరినదని తలచువారు రాష్ట్రమును కోరినవారే గాని ప్రజలను కోరినవారు కారు. ఉద్యమమున నడిచిన కాళ్ళు మనవి; పండుగలో నడుచుటకు వెనుదీయనేల?

వచ్చు మొహర్రమున మీ ఊరి చావిడి ముందర డప్పు మ్రోగినప్పుడు గుమ్మమునొద్ద నిలిచి చూడకుడు. నమ్మిక కలదా, పోయి మ్రొక్కుడు. నమ్మిక లేదా, మోయువానికి దారి చూపుడు, దప్పికగొన్నవానికి షర్బతు అందింపుడు. గీత గీయ వచ్చినవానితో కలహింప నక్కరలేదు. పదిమంది కలిసి దాటినచో గీత తనంతట తానే చెరగిపోవును. దొరల తుపాకులకు చెదరని హోసే నేటికిని సముద్రతీరమున నడుచుచున్నది. మన సవారీ మన చేతులలోనే ఆగిపోయెనను అపకీర్తిని మంజీరా తీరమునకు రానీయకుందుము గాక!